12 డాలర్ల గొడ్డలికి 38 డాలర్ల కామ

కొన్నది: హికరీ కర్రతో చేసిన గొడ్డలి కామ, అంటే గొడ్డలికి పట్టుకునే పిడి. 36 అంగుళాలు, వంపు లేని రకం, వార్నిష్ లేనిది. ధర 38 డాలర్లు, పోస్టేజీ ఇంకో 14. నా మార్కులు అయిదుకి నాలుగు. ఆ పోయిన ఒక్క మార్కు ఎందుకో చెప్పాలంటే ముందు గొడ్డలి సంగతి చెప్పాలి.

కంపెనీ పేరు రాయడం లేదు. దాని వెనక పెద్ద రహస్యమేమీ లేదు. నేను ఇప్పటికి అయిదు కామలు కొన్నాను. ఒకే చోట కొన్నవి కూడా అక్కాచెల్లెళ్ళలా లేవు, ఒకటి బంగారం, ఒకటి పొయ్యిలోకి. ఇది చెట్టు నుంచి వచ్చే సరుకు, ఫోన్ చార్జర్ కాదు. పేరు చూసి కాదు, కర్ర చూసి కొనాలి. ఏం చూడాలో నాకు తెలిసినంత చెప్తాను.

నేను హార్ట్‌ఫర్డ్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి ప్రోగ్రాములు రాస్తాను. కనెటికట్‌లో ఉన్న తెలుగువాళ్ళని అడగండి, చాలామంది అదే చెప్తారు. రెండేళ్ళ కిందట మా పెరట్లో యాష్ చెట్టు చచ్చిపోయింది. ఎమరాల్డ్ యాష్ బోరర్ అని ఒక పచ్చటి పురుగు బెరడు కింద దూరి చెట్టుని లోపల్నించి తినేస్తుంది. ఈ రాష్ట్రంలో దాన్ని మొదట 2012లో కనిపెట్టారు, ఇప్పుడు ఏ రోడ్డు పక్కన చూసినా మోడులే. చెట్టు కొట్టేవాళ్ళు వచ్చి కొట్టడానికి ఒక రేటు, దుంగలు తీసుకెళ్ళడానికి ఇంకో రేటు చెప్పారు. రెండో రేటు విన్నాక దుంగలు ఇక్కడే ఉండనివ్వండి అన్నాను. నల్లమల అంచున గిద్దలూరు దగ్గర పల్లెలో పుట్టినవాణ్ణి, కట్టెలు కొట్టడం నాకు రాదా అని ధీమా.

మా ఆవిడ ఒకటే అడిగింది. "మన ఇంట్లో ఉన్నది గ్యాస్ ఫైర్‌ప్లేస్ కదా, స్విచ్ వేస్తే మండుతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి అంటే ఇదే కదండీ?" నేను విననట్టు ఊరుకున్నాను.

ఇక్కడ పాత సామాను ఇంటి ముందు పెట్టి అమ్ముకోవడాన్ని ట్యాగ్ సేల్ అంటారు. వేరే రాష్ట్రాల్లో గరాజ్ సేల్, యార్డ్ సేల్ అంటారుగానీ కనెటికట్ వాళ్ళకి ట్యాగ్ సేలే. మా వీధికి రెండు మైళ్ళ దూరంలో ఒక పెద్దాయన పోయాక వాళ్ళమ్మాయి గరాజ్ ఖాళీ చేస్తోంది. డబ్బాలో తుప్పు పట్టిన పానాలు, రంపాలు, వాటి కింద ఒక గొడ్డలి తలకాయ. దానికి జానెడు విరిగిన కామ ఇంకా పట్టుకుని ఉంది. 15 అంది, 12కి ఇచ్చింది. మూడు డాలర్లకి బేరం ఏంటని మీరు అనుకోవచ్చు, బేరమాడకుండా కొన్న వస్తువు నాకు సొంతం అనిపించదు.

ఇంటికి తెచ్చి ఇడ్లీ రవ్వ తూచుకునే కాటా మీద పెడితే 1.6 కిలోలు చూపించింది. అంటే మూడున్నర పౌండ్లు. వెనకవైపు ఎవరో సమ్మెటతో మోది మోది పుట్టగొడుగులా విచ్చుకుపోయింది. బెజ్జంలో కామ వదులైనప్పుడల్లా ఒక మేకు కొట్టినట్టున్నాడు పెద్దాయన, లెక్కపెడితే నాలుగు మేకులు, ఒక బోల్టు. తుప్పు మాత్రం పైపైనే. లోతుగా గుంటలు పడలేదు. పాత గొడ్డలి కొనేటప్పుడు మొదట చూడాల్సింది అదీ, బెజ్జం గోడ ఎక్కడైనా పగిలిందా అన్నదీ. పదును పోతే తిరిగి వస్తుంది, తుప్పు పోతుంది, పగిలిన బెజ్జం మాత్రం ఇంట్లో బాగయ్యేది కాదు.

మా ఊళ్ళో అయితే విరిగిన ముక్క తీయడానికి గొడ్డలిని పొయ్యిలో పడేస్తారు. కర్ర కాలిపోతుంది, తర్వాత కమ్మరి కొలిమి దగ్గరికి తీసుకెళ్తే ఎలాగూ కాల్చి, సాగగొట్టి, మళ్ళీ పదును పెట్టి ఇస్తాడు. ఇక్కడ నాకు కొలిమి లేదు, కమ్మరి లేడు. అంచు వేడెక్కితే దాని ఉక్కుకి పట్టించిన గట్టిదనం పోయినట్టే. అందుకని అడుగున మిగిలిన కర్రని రంపంతో కోసేసి, డ్రిల్లుతో నాలుగైదు బెజ్జాలు వేసి, కింది నుంచి పైకి దిగ్గొట్టాను. ఈ అమెరికా గొడ్డళ్ళ బెజ్జం పైన వెడల్పు, కింద ఇరుకు. అది తెలియక మొదట పై నుంచి కిందికి అరగంట బాదాను. పక్కింటాయన వచ్చి నా వంక జాలిగా చూసి, దాన్ని తిప్పి పెట్టి వెళ్ళిపోయాడు.

తర్వాత వెనిగర్. వాల్‌మార్ట్‌లో దొరికే తెల్ల వెనిగర్ రెండు గ్యాలన్లు ప్లాస్టిక్ టబ్బులో పోసి గొడ్డలిని ఒక రోజు నానబెట్టాను. గరాజ్ అంతా ఊరగాయ జాడీ వాసన. మర్నాడు తీసి ఇనుప పీచుతో రుద్దుతుంటే నల్లటి మడ్డి కారిపోతోంది, దాని కింద ఇనుము బూడిద రంగులో బయటపడుతోంది. బేకింగ్ సోడా నీళ్ళతో కడిగి, వెంటనే తుడిచి నూనె రాయాలి, లేదంటే పది నిమిషాల్లో మళ్ళీ పసుపు పచ్చటి తుప్పు. తుడుస్తుంటే రెండు కనిపించాయి. అంచు పొడుగునా ఒక గీత, ఆ గీతకి ఇవతల ఇనుము లేత బూడిద, అవతల ముదురు. పాతకాలం గొడ్డళ్ళలో ఒళ్ళంతా మెత్తటి ఇనుము, కోసే అంచుకి మాత్రం ఉక్కు ముక్క అతికేవాళ్ళు. ఆ అతుకు అది. రెండోది ముద్ర. ఒక కిరీటం, కిరీటంలోంచి పైకి లేచిన చెయ్యి, చేతిలో సుత్తి. పక్కన సగం చెరిగిన అక్షరాలు: కాలిన్స్, హార్ట్‌ఫర్డ్, లెజిటిమస్.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. అప్పటికే నేను రాత్రిళ్ళు కూర్చుని స్వీడన్ గొడ్డళ్ళు, వాటి రెండొందలు దాటిన ధరలు చూస్తున్నాను. కాలిన్స్ కంపెనీ ఊరు కాలిన్స్‌విల్ మా ఇంటి నుంచి కార్లో ఇరవై నిమిషాలు. 1826లో శామ్యూల్, డేవిడ్ అనే అన్నదమ్ములు, వాళ్ళ బంధువు ఒకాయన కలిసి ఫార్మింగ్‌టన్ నది ఒడ్డున మొదలుపెట్టారు. అంతకుముందు గొడ్డలి కొంటే అంచు మొద్దుగా వచ్చేది, కొన్నవాడే సాన పట్టుకోవాలి. వీళ్ళు పదును పెట్టి మరీ అమ్మారు. దక్షిణ అమెరికా దాకా వీళ్ళ మచెటీలు (పొదలు కొట్టే పొడుగు కత్తులు), గొడ్డళ్ళు వెళ్ళాయి. ఇంగ్లండులో వీళ్ళ ముద్ర వేసి దొంగ సరుకు తయారుచేస్తుంటే 1857లో లండన్ కోర్టు దాకా వెళ్ళి పోరాడారు. లెజిటిమస్ అంటే లాటిన్‌లో అసలైనది అని. 'మా బ్రాంచీలు ఎక్కడా లేవు' అని మన స్వీట్ షాపులు బోర్డు పెట్టినట్టన్నమాట. 1955 వరదలో ఫ్యాక్టరీ బాగా దెబ్బతింది, 1966లో మూతపడింది. కాబట్టి నా గొడ్డలికి ఎంత తక్కువ లెక్కేసినా నాకంటే వయసెక్కువ. ఆ ఫ్యాక్టరీ భవనాలు ఇప్పటికీ నది పక్కన నిలబడి ఉన్నాయి. శనివారాలు పిల్లల్ని సైకిళ్ళ మీద తీసుకెళ్ళే దారి వాటి పక్కనుంచే పోతుంది. అయిదేళ్ళుగా వాటిని చూస్తూనే ఉన్నాను, అవి దేనివో ఒక్కసారీ అడగలేదు.

ఇక కామ సంగతి. ముందు చేసిన తప్పు చెప్తాను, అది లేకుండా ఈ రివ్యూకి అర్థం లేదు.

మొదటి కామ ఒక పెద్ద హార్డ్‌వేర్ స్టోర్లో కొన్నాను, 20 డాలర్ల లోపు. ప్లాస్టిక్ చుట్టి వేలాడదీసిన వాటిలో పైనున్నది తీసుకుని వచ్చేశాను. మెరిసే వార్నిష్, చేతికి నున్నగా తగిలింది. మధ్యలో బేస్‌బాల్ బ్యాటంత లావు, తలకాయ ఎక్కే చోట మాత్రం ఆకలితో ఉన్నవాడిలా సన్నం. అరగంటలో పని అయిపోయింది, ఏమీ చెక్కకుండానే బెజ్జంలోకి జారిపోయింది. అంత సుఖంగా జారిపోయినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. బిగియడానికి కామ నెత్తిన ఉన్న గాటులో చెక్క చీల దిగ్గొట్టాను, దానితో పాటు ఇచ్చిన ఇనుప చీల కూడా కొట్టాను. మూడో రోజు కట్టెలు కొడుతుంటే టక్ టక్ అని చప్పుడు మారింది. చూస్తే తలకాయ అర అంగుళం పైకి జరిగింది.

మా నాన్న ఏం చేసేవాడో గుర్తొచ్చింది. ఎండాకాలం కామ వదులైతే రాత్రంతా కుడితి తొట్లో పడేసేవాడు, పొద్దున్నకి ఉబ్బి బిగిసేది. నేను బకెట్లో పడేశాను. బిగిసింది. నాలుగు రోజులకి ఎండి మునుపటికంటే వదులైంది. ఎందుకో తర్వాత తెలిసింది: కర్ర ఉబ్బడానికి చుట్టూ ఇనుము చోటివ్వదు కాబట్టి లోపలి పీచు నలిగిపోతుంది, ఎండాక ముందున్న సైజుకి కూడా రాదు. మా నాన్నకి అది చెల్లింది, ఏడాదికో కామ మారిస్తే ఖర్చేముంది, అడవి పక్కనే ఉంది. ఇక్కడ ఏడాదికో కామ అంటే మా ఆవిడ లెక్క అడుగుతుంది.

ఆ కామని తీసేశాక వార్నిష్ గీకి చూశాను. కర్ర చివర ఉంగరాల్లాంటి వలయాలు ఉంటాయి కదా, ఆ గీతలు గొడ్డలి అంచుకి సమాంతరంగా నిలువుగా సాగాలి. నా కామలో అవి అడ్డంగా, నిచ్చెన మెట్లలా ఉన్నాయి. పైగా పక్కనుంచి చూస్తే గీతలు కామ పొడుగునా చివరిదాకా పోకుండా మధ్యలోనే పక్కకి జారిపోయాయి. విరిగితే అక్కడే విరుగుతుంది, ఏటవాలుగా, ఈటె మొనలా. విరగకముందే బయటపడ్డాను. స్టోర్ వాళ్ళది పూర్తిగా తప్పు అనను. అదే వరుసలో ఇంకా పదిహేను కామలు వేలాడుతున్నాయి. పుచ్చకాయ కొనేటప్పుడు నాలుగు తట్టి చూసే నేను కామ దగ్గర మాత్రం చేతికందింది పట్టుకొచ్చాను.

అప్పుడు ఈ 38 డాలర్ల కామ తెప్పించాను. హికరీ మన దగ్గర లేని చెట్టు, అక్రోటుకి చుట్టం. బరువుగా ఉంటుంది, గట్టిగా ఉంటుంది, దెబ్బ తగిలినప్పుడు కొద్దిగా వంగి మళ్ళీ నిలబడుతుంది. ఆ వంగే గుణం వల్లే భుజానికి జలదరింపు తక్కువ. అమ్మేవాళ్ళు దీన్ని గ్రేడులుగా ఇస్తారు, నేను పై గ్రేడు అడిగాను. తెల్లటి కర్రకే ఎక్కువ రేటు పెట్టేవాళ్ళు ఉన్నారు, ఎర్రటి చేవ ఉన్నదాన్ని తక్కువ చూస్తారు. బలంలో తేడా లేదు. అది చూపుకి సంబంధించిన డబ్బు, దండగ. నాకు వచ్చినదానిలో ఒక పక్క సన్నగా ఎర్రచార ఉంది, నాకైతే అదే అందంగా ఉంది. చూడాల్సింది వలయాల మధ్య దూరం. హికరీలో వలయాలు ఎడంగా ఉంటే చెట్టు వేగంగా పెరిగిందని, కర్ర చిక్కగా ఉందని అర్థం. దగ్గరదగ్గరగా వెంట్రుకల్లా ఉంటే వద్దు.

పెట్టె విప్పగానే చేసిన మొదటి పని, కామని తుపాకీలా కంటికి ఆనించి చివరిదాకా చూడటం. కాస్త ఎడమకి లాగింది, బియ్యపు గింజంత. పనిచేసేటప్పుడు తెలియదు. వలయాలు నిలువుకి ఒక పది డిగ్రీలు పక్కకి ఉన్నాయి, అది బాగున్నట్టే లెక్క. రెండు చివర్లా మైనం పూశారు, కర్ర దారిలో ఎండి పగలకుండా. వార్నిష్ లేదు. చేత్తో పట్టుకుంటే కొత్త క్రికెట్ బ్యాట్‌కి ఉండే పొడి స్పర్శ.

తలకాయ ఎక్కే చోట కావాలని లావుగా వదిలేశారు. ఇదే ఈ కామ గొప్ప, ఇదే దాని ఏడుపు కూడా. నా బెజ్జం కొలత నాకే తెలుసు, వాళ్ళకి తెలియదు, కాబట్టి అదనంగా కర్ర వదలడమే న్యాయం. కానీ వదిలింది మరీ ఎక్కువ. రెండు సాయంత్రాలు ముళ్ళ ఆకురాయితో రాకుతూనే ఉన్నాను. రాత్రి ఆన్‌కాల్ డ్యూటీ, మధ్యలో ఫోన్ మోగితే లాప్‌టాప్ మీద కూడా కర్రపొట్టు.

ఇక ఎక్కించడం. అమెరికా అటవీ శాఖ వాళ్ళ మిస్సౌలా కేంద్రం 1999లో గొడ్డళ్ళ మీద ఒక చేతిపుస్తకం వేసింది, ఉచితంగా దొరుకుతుంది, నేను దాన్నే పక్కన పెట్టుకున్నాను. కామని బెజ్జంలో కొంచెం దూర్చి, తలకాయ కింద వేలాడేలా గాల్లో పట్టుకోవాలి. పైకి వచ్చిన కామ అడుగు మీద చెక్క సుత్తితో కొట్టాలి. కింద ఆధారం ఏమీ లేదు. ఎవరైనా ఏమనుకుంటారు, తలకాయ ఊడి కాలి మీద పడుతుందని కదా. పడదు. దెబ్బ దెబ్బకీ కర్ర కిందికి దిగుతుంది, ఇనుము తన బరువుకి ఉన్నచోటే నిలబడుతుంది, చూస్తుండగా తలకాయ కామ పైకి పాకుతుంది. ఇంటర్లో జడత్వం నిర్వచనం బట్టీ పట్టి రెండు మార్కులు తెచ్చుకున్నాను. అది కళ్ళకి కనపడింది ఆ రోజే. మా పెద్దాడిని పిలిచి చూపించాను, వాడు ఇంకోసారి, ఇంకోసారి అని పది దెబ్బలు వాడే కొట్టాడు.

ఆగిపోయిన చోట తలకాయని మళ్ళీ ఊడగొట్టి చూడాలి. ఇనుము ఎక్కడెక్కడ ఒరుసుకుందో అక్కడ కర్ర మీద నల్లగా, నున్నగా మెరుస్తుంది. ఆ నల్ల మచ్చల్ని మాత్రమే రాకాలి, పక్కన చెయ్యి పెట్టకూడదు. మళ్ళీ ఎక్కించు, మళ్ళీ ఊడగొట్టు. నాకు తొమ్మిదిసార్లు పట్టింది. ఆరోసారికి విసుగొచ్చి మచ్చ లేనిచోట కూడా నాలుగు రాకులు రాకాను, ఆ ఫలితం ఇప్పటికీ కనిపిస్తుంది, బెజ్జం ఎడమ పక్క కింద గోరు దూరేంత సందు. అది నా తప్పు, కామది కాదు. తొమ్మిదోసారి తలకాయ దిగుతుంటే దాని అడుగు అంచు కర్రని గీకుతూ చుట్టూ సన్నటి పొరలు లేపింది, పెన్సిల్ చెక్కితే వచ్చేలాంటివి. అలా లేచిందంటే కుదిరినట్టే.

ఇక్కడే ఆ ఒక్క మార్కు పోయింది. చీల దిగడానికి కామ నెత్తిన రంపపు గాటు ఒకటి పెట్టి ఇస్తారు. అది బెజ్జం లోతులో మూడింట రెండొంతులు ఉండాలి. వీళ్ళు పెట్టింది సగానికి కాస్త తక్కువ. అంత కష్టపడి కుదిర్చిన కామని మళ్ళీ ఊడదీసి, ఊపిరి బిగబట్టి, చేతిరంపంతో గాటుని లోతు చేశాను. రంపం ఒక్క వెంట్రుక పక్కకి తిరిగినా 52 డాలర్లు పొయ్యిలోకే. పైగా వాళ్ళు ఇచ్చిన పాప్లర్ చీల పొట్టిది. నేను మేపుల్ పలక ముక్కతో వేరే చీల చెక్కుకున్నాను. 38 డాలర్లు తీసుకునేవాడు పావలా చెక్క దగ్గర పీనాసితనం చేయడం ఎందుకో నాకు అర్థం కాలేదు. పెళ్ళి భోజనం పెట్టి తాంబూలంలో సున్నం మర్చిపోయినట్టుంది.

చీల దిగ్గొడుతుంటే చప్పుడు వినాలి. మొదట డబ్ డబ్ అని మెత్తగా, పోనుపోను గట్టిపడి ఠంగ్ అని రాయి మీద కొట్టినట్టు వస్తుంది. అప్పుడు ఆపేయాలి, ఇంకొక్కటి అని ఆశపడితే చీల చీలిపోతుంది. ఇనుప చీల కొట్టలేదు. కుదిరినదానికి అవసరం లేదు, రేపు కామ మార్చాలంటే అదో తలనొప్పి. నెత్తిన పావు అంగుళం కర్ర బెజ్జం బయటికి వదిలి కోశాను. చీల బిగిసినప్పుడు ఆ పైభాగం విచ్చుకుని టోపీలా కూర్చుంటుంది.

అంచుకి ఆకురాయి, తర్వాత గుండ్రటి చేతి సానరాయి. పక్కింటాయన బెంచ్ గ్రైండర్ ఇస్తానన్నాడు, వద్దన్నాను. దాని మీద పెడితే నిప్పురవ్వలు చూడ్డానికి బాగుంటాయి, అంచు నీలం రంగుకి తిరిగిందంటే మాత్రం నూరేళ్ళ కిందటి మనిషి ఉక్కుకి పట్టించిన గట్టిదనం అయిదు సెకన్లలో పోయినట్టే. ఆకురాయితో గంటన్నర పట్టింది. తోలు గ్లౌజులు వేసుకోండి. నేను మొదటి పది నిమిషాలు వేసుకోలేదు, చూపుడువేలు మీద ఆ గుర్తు ఉంది.

నూనె దగ్గర మాత్రం నాకెవరూ నేర్పాల్సిన పని లేకపోయింది. బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్, అంటే అవిసె నూనె. డబ్బా మూత తీయగానే 1998 గుర్తొచ్చింది. గిద్దలూరు హైస్కూల్లో అయిదుగురం చందాలేసుకుని కొన్న బ్యాట్, దానికి నూనె పట్టించి తాత ధోవతి ముక్క చుట్టి మంచం కింద దాచేవాళ్ళం. అదే వాసన. చిన్న బొట్టు అరచేతిలో వేసుకుని కర్రకి వేడెక్కేదాకా రుద్దాలి, మిగిలింది తుడిచేయాలి, మర్నాడు మళ్ళీ. నాలుగు పూతలు వేశాను. ఒక్క జాగ్రత్త, దీన్ని తేలిగ్గా తీసుకోకండి: ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. తుడిచిన గుడ్డని ఉండ చుట్టి గరాజ్ మూలన పడేస్తే అగ్గిపుల్ల లేకుండానే అంటుకోగలదు. బయట విడదీసి ఆరేయండి, లేదా నీళ్ళ డబ్బాలో ముంచండి. ఇళ్ళ ఇన్సూరెన్స్ క్లెయిముల ప్రోగ్రాములు రాసేవాడి మాటగా వినండి.

ఎనిమిది నెలలు అయింది. యాష్ దుంగలు మూడొంతులు కొట్టేశాను. యాష్ చీలడానికి పెద్దగా మారాం చేయదు, ఓక్ ముక్క ఒకటి కొట్టి చూశాను, గొడ్డలి కూరుకుపోయి రెండు నిమిషాలు పీకాను. ఇది చెట్టు నరికే గొడ్డలి, దుంగలు చీల్చేది కాదు, ఆ పని దాని మీద రుద్దుతున్నది నేను. చలికాలమంతా వేడి ఇళ్ళలో గాలి ఎండిపోతుంది కాబట్టి ఫిబ్రవరిలో కామ వదులవుతుందని చూశాను. కదల్లేదు. తలకాయ దగ్గర పెన్సిల్‌తో గీత గీసి పెట్టుకున్నాను, ఆ గీత ఇప్పటికీ ఇనుము అంచునే ఉంది. మధ్యలో కామ నా చేతికి లావనిపించి కొంత చెక్కి సన్నం చేశాను, అప్పుడు బాగా స్ప్రింగ్ వచ్చింది. కామ కొన్నాక అది మీ చేతికి తగ్గట్టు ఉండాలిగానీ, ఫ్యాక్టరీ వాడి చేతికి కాదు. చెక్కడానికి భయపడకండి, కొంచెం కొంచెంగా చెక్కండి.

ఖర్చు: గొడ్డలి 12, కామ పోస్టేజీతో 52, నూనె 11, ఆకురాయి 13. మొత్తం 88. మొదటి కామ డబ్బు మా ఆవిడకి తెలియదు కాబట్టి కలపలేదు. వెనిగర్ వంటింటి పద్దులోకి పోయింది.

ఎవరు కొనాలి? రెండు మూడు సాయంత్రాలు కర్ర రాకడం మీకు సరదాగా ఉంటుందనిపిస్తేనే కొనండి. పొద్దున తెచ్చి మధ్యాహ్నం కట్టెలు కొట్టాలనుకుంటే కామతో సహా వచ్చే కొత్త గొడ్డలి కొనుక్కోండి, అందులో సిగ్గుపడేదేం లేదు. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేటప్పుడు గ్రెయిన్ (ఆ వలయాల గీతలు) నిలువుగా ఉన్నది ఏరి పంపమని ఒక లైను రాయండి, రాస్తే పంపుతున్నారు, నాకు రెండుసార్లు పంపారు. రాయనప్పుడు ఒకసారి వచ్చింది, అది ఇప్పుడు టమాటా మొక్కకి ఊతకర్ర.

అయిపోయాక వీడియో కాల్‌లో మా నాన్నకి చూపించాను. ఆయన కాసేపు కళ్ళజోడు సర్దుకుని చూశాడు.

"తిప్పు. ఇంకా తిప్పు. కామ కిందెందుకురా అట్టా ముడి పెట్టారు?"

"చెయ్యి జారకుండా, నాన్నా."

"మన కామకి లేదే. జారిందా ఎప్పుడన్నా?" జారలేదు. "ఏం కర్ర అది?"

హికరీ అని చెప్పాను. మన చిరిమాను లాంటిదేనా అని అడిగాడు. మా ఊళ్ళో గొడ్డలి కామలకీ, బండి ఇరుసులకీ చిరిమానే. ఇంచుమించు అలాంటిదే అన్నాను. ఇప్పుడు చిరిమాను ఎక్కడిది, అడవంతా పులుల రిజర్వు, కర్ర ముక్క తెచ్చినా కేసు అన్నాడు. ఆయన గొడ్డలికి పోయినేడు తుమ్మ కామ వేయించాడట, బరువుగా ఉందట, భుజం నొప్పెడుతోందట. కట్టెలు కొట్టాల్సిన అవసరం లేదు, ఇంట్లో రెండు సిలిండర్లున్నాయి. ఆ మాట నేను అనలేదు, మా ఆవిడ పక్కనే ఉంది.

"వచ్చేటప్పుడు ఒకటి పట్టుకురా," అన్నాడు.

బెజ్జం కొలత కావాలి అంటే మర్నాడు పొద్దున్నే వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. గొడ్డలి అరుగు మీద బోర్లా పడుకోబెట్టి, బెజ్జం చుట్టూ చొక్కా గుండీలు కుట్టే దారం చుట్టి, ఆ దారాన్ని మా చెల్లెలి కూతురి స్కేలు పక్కన సాగదీసి పెట్టాడు. బెజ్జం గుండ్రం, నాణెంలా. నా దగ్గరున్న కామలన్నీ కోడిగుడ్డు ఆకారం. 36 అంగుళాలది సూట్‌కేసులో ఐమూలగా పెట్టి చూశాను, మూత పడలేదు. 28 అంగుళాలది ఆర్డర్ పెట్టాను, తలకాయ ఎక్కే చోట ఎంత లావు వీలైతే అంత లావు వదలమని రాశాను.